తెనాలిలో కూర్చుని చూసిన విజిట్లకి మెడికేర్ బిల్లు వేయవచ్చా?

ప్రశ్న: నేను డాలస్ దగ్గర సొంత క్లినిక్ నడుపుకుంటున్న ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఉన్నపళంగా తెనాలి వచ్చాను. ఐదు వారాలు ఉండాల్సి వచ్చింది. క్లినిక్ మూతపడకూడదని రోజూ రాత్రి ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా, అంటే డాలస్‌లో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, వీడియోలో పేషెంట్లని చూశాను. వాటిలో 46 విజిట్లు మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్ళు దాటినవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్ళవి. బిల్లింగ్ కంపెనీ ఎప్పటిలాగే క్లినిక్ అడ్రసుతో క్లెయిములు పంపింది, డబ్బులు వచ్చేశాయి. ఇప్పుడొక స్నేహితురాలు ఇండియా నుంచి చూస్తే మెడికేర్ డబ్బు ఇవ్వదు అంటోంది. బిల్లింగ్ వాళ్ళేమో "అడ్రస్ క్లినిక్‌దే కదా, ఎవరికీ తెలియదు, వదిలేయండి" అంటున్నారు. నా లైసెన్సు టెక్సస్‌ది, పేషెంట్లూ టెక్సస్‌లోనే ఉన్నారు. ఒక్క పెద్దాయన మాత్రం అప్పటికి వాళ్ళ ఊరు నరసరావుపేటలో ఉన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
ఒక డాక్టరు, టెక్సస్

జవాబు: డాక్టరు గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీ స్నేహితురాలు చెప్పింది నిజం. ఆ 46 విజిట్లకి మెడికేర్ ఇచ్చిన డబ్బు మీది కాదు, తిరిగి కట్టేయాలి. మీరు తప్పుడు ఉద్దేశంతో చేయలేదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అందుకే ఇది సరిదిద్దుకోగలిగిన విషయం. అయితే ఆలస్యం చేయకూడదు.

సోషల్ సెక్యూరిటీ చట్టంలో 1862(ఎ)(4) అనే నిబంధన ఉంది. అమెరికా బయట అందించిన వైద్యానికి మెడికేర్ డబ్బు చెల్లించదని అది చెబుతుంది. అమెరికా అంటే 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటి కొన్ని ప్రాంతాలు. సరిహద్దు దగ్గర ప్రాణం మీదికి వచ్చి కెనడా ఆసుపత్రిలో చేరడం లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి కానీ, అవేవీ మీకు పనికిరావు. "పేషెంటు టెక్సస్‌లో ఉన్నాడు కాబట్టి వైద్యం టెక్సస్‌లో జరిగినట్టే కదా" అని మీకు అనిపించవచ్చు. ఈ వాదనకి మెడికేర్ తన మాన్యువల్‌లో ఎప్పుడో జవాబు రాసి పెట్టింది, అదీ మన దేశాన్నే ఉదాహరణగా తీసుకుని. అమెరికాలో తీసిన స్కాన్‌ని ఇండియాలో ఉన్న రేడియాలజిస్టు చదివితే, ఆయన చేసిన పనికి ఆయనకీ ఇవ్వం, స్కాన్ తీసిన సెంటరుకీ ఇవ్వం అని అందులో స్పష్టంగా ఉంది. స్కాన్ చదవడానికి వర్తించేది వీడియో విజిట్‌కీ వర్తిస్తుంది. డాక్టరు ఎక్కడ కూర్చుని పని చేశారన్నది కూడా లెక్కే.

లైసెన్సు విషయం వేరు. పేషెంటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు కావాలి, అది మీకుంది. కానీ వైద్యం చేసే హక్కు ఒకటి, ఆ వైద్యానికి మెడికేర్ డబ్బు ఇవ్వడం మరొకటి. చాలామంది ఈ రెండిటినీ కలిపేసుకుంటారు. మీ మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సు, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా, విదేశాల నుంచి చేసిన విజిట్లని కవర్ చేస్తుందా అన్నది మూడో సంగతి. పాలసీ తీసి చూడండి.

పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మీ క్లెయిముల్లో ఒకదాన్ని దగ్గర పెట్టుకుని చదవండి. 99214 అనే విజిట్ కోడ్, పక్కన ప్లేస్ ఆఫ్ సర్వీస్ 10 అని ఉంటుంది. ఆ 10 అంకె పేషెంటు తన ఇంట్లో ఉన్నాడని చెబుతుంది. మీరు ఎక్కడున్నారో చెప్పదు. ఇక 32వ గడిలో సేవ జరిగిన చోటు రాయాలి, అక్కడ మీ క్లినిక్ అడ్రస్ పడింది. కోవిడ్ రోజుల నుంచి, ఇంటి నుంచి టెలీహెల్త్ (వీడియోలో, ఫోన్‌లో వైద్యం) చేసే డాక్టర్లు ఇంటి అడ్రస్ బయటపెట్టకుండా క్లినిక్ అడ్రస్ వేసుకోవడానికి మెడికేర్ వెసులుబాటు ఇస్తూ వచ్చింది. బిల్లింగ్ వాళ్ళు పట్టుకున్నది దాన్నే. కానీ అది అమెరికాలో ఉన్న ఇంటి కోసం ఇచ్చిన వెసులుబాటు. తెనాలిలో అమ్మగారి ఇంటికి అది రాదు. కోవిడ్ నాటి టెలీహెల్త్ సడలింపుల్ని అమెరికా కాంగ్రెస్ గడువు మీద గడువు పొడిగిస్తూ వచ్చింది. 2025 అక్టోబర్ 1న ప్రభుత్వం మూతపడినప్పుడు చాలావరకు ఆగిపోయి, నవంబర్‌లో మళ్ళీ మొదలయ్యాయి. ఆ పొడిగింపుల్లో ఏదీ ఈ "అమెరికా బయట" అన్న నిబంధన జోలికి పోలేదు.

"ఎవరికీ తెలియదు" అన్న మాట గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. మీరు రికార్డు సిస్టంలో లాగిన్ అయిన ప్రతిసారీ ఎక్కడి నుంచి అయ్యారో సాధారణంగా నమోదవుతుంది. పాస్‌పోర్టులో ముద్రలు ఉంటాయి. ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ అని 1863 నాటి చట్టం ఉంది. దాని కింద లోపలి మనిషి ఎవరైనా, రేపు మీతో పడని ఉద్యోగి కావచ్చు, ఈ బిల్లింగ్ కంపెనీలోనే మానేసిన గుమస్తా కావచ్చు, ప్రభుత్వం తరఫున కేసు వేసి, వసూలైన దాంట్లో 15 నుంచి 30 శాతం దాకా వాటా తీసుకోవచ్చు. శిక్ష నష్టానికి మూడు రెట్లు, దాని పైన ఒక్కో క్లెయిముకి జరిమానా. 2025 లెక్కన ఆ జరిమానా 14,308 నుంచి 28,619 డాలర్లు. 46తో గుణించి చూడండి, కనీసమే ఆరున్నర లక్షలు దాటుతుంది.

ఇంత చెప్పింది భయపెట్టడానికి కాదు. ఆ చట్టం తెలిసి చేసినవాళ్ళకి. తెలుసుకోవాల్సింది కావాలని తెలుసుకోకపోయినా, బొత్తిగా పట్టించుకోకపోయినా తెలిసి చేసినట్టే లెక్క. మొన్నటి దాకా మీది నిజమైన పొరపాటు. స్నేహితురాలు చెప్పాక, ఈ జవాబు చదివాక, డబ్బు ఉంచుకుంటే అది పొరపాటు అనిపించుకోదు. తిరిగివ్వాల్సిన డబ్బుని తెలిసీ దాచుకోవడం కూడా అదే చట్టం కింద అదే బాధ్యత తెస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

అదనంగా వచ్చిన డబ్బుని గుర్తించిన 60 రోజుల్లో తెలియజేసి తిరిగి కట్టాలని 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ చెబుతోంది. 2025 జనవరి 1 నుంచి ఒక వెసులుబాటు కలిసింది. ఇంకా ఎంత ఉందో నిజాయితీగా లెక్క తేల్చుకుంటుంటే ఆ గడువు 180 రోజుల దాకా ఆగుతుంది. మీకు ఆ అవసరం రావచ్చు. ఎందుకంటే ఆరేళ్ళ వెనక్కి చూడాలి. ఈ ఐదు వారాలే కాదు, ఏ సంక్రాంతికో, ఏ పెళ్ళికో వచ్చినప్పుడు ఒకటి రెండు విజిట్లు చేశారేమో పాస్‌పోర్టు తేదీలు, అపాయింట్‌మెంట్ క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోండి. చార్టులో మాత్రం ఒక్క అక్షరం మార్చవద్దు. ఉత్త పొరపాటు అయితే డబ్బు మీ ప్రాంతపు మెడికేర్ కాంట్రాక్టరుకి, టెక్సస్‌కి నోవిటాస్, కారణం రాసి స్వచ్ఛందంగా తిరిగి పంపితే సరిపోతుంది. వెనక్కి చూసినప్పుడు ఇంతకు ముందే ఎవరో హెచ్చరించిన ఈమెయిల్ లాంటిది బయటపడితే దారి మారుతుంది. అప్పుడు ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు దగ్గర స్వయంగా వెల్లడించే పద్ధతి ఉంది. అందులో సాధారణంగా నష్టానికి ఒకటిన్నర రెట్లతో, కనీసం 20,000 డాలర్లతో తేలుతుంది. ఏ దారి అన్నది హెల్త్‌కేర్ లాయరు మీ కాగితాలు చూసి తేల్చాలి. ఆ ఫీజు దగ్గర వెనకాడకండి.

పేషెంట్ల దగ్గర, వాళ్ళ సప్లిమెంటు పాలసీల (మెడికేర్ ఇవ్వని వాటాని కట్టే ప్రైవేటు బీమా, దీన్నే మెడిగాప్ అంటారు) దగ్గర పేషెంటు వాటాగా తీసుకున్న 20 శాతం కూడా వెనక్కి ఇచ్చేయండి. 46లో కొన్ని ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లవి అయితే ఆ డబ్బు ఆ కంపెనీకి వెళ్ళాలి, వాళ్ళ కాంట్రాక్టు విడిగా చదవాలి. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ బీమా) కూడా ఉన్న పేషెంట్లుంటే, దేశం బయటికి చెల్లింపు కూడదన్న నియమం అక్కడా ఉంది.

నరసరావుపేట పెద్దాయన విజిట్‌లో డాక్టరూ, పేషెంటూ ఇద్దరూ గుంటూరు చుట్టుపక్కలే ఉన్నారు, బిల్లు మాత్రం అమెరికా ఖజానాకి వెళ్ళింది. అది మొట్టమొదట వెనక్కి వెళ్ళాలి. పైగా పేషెంటు ఇండియాలో ఉన్నప్పుడు ఇండియాలో వైద్య రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరే టెలీమెడిసిన్ చేయాలని 2020 మార్చి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పెద్దవాళ్ళు చలికాలం ఊరికి వచ్చి, అదే వాట్సాప్ నంబరుతో ఫోన్ ఎత్తుతారు. వాళ్ళు ఎక్కడున్నారో మీ ఫ్రంట్ డెస్క్ అమ్మాయికి తెలిసే దారి లేదు. అందుకే ప్రతి విజిట్ మొదట్లో "ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు?" అని అడిగి, జవాబు నోట్‌లో రాయించండి. ఆయనకి ఈ సంగతి కూడా చెప్పండి: ప్లాన్ జీ, ప్లాన్ ఎన్ లాంటి కొన్ని మెడిగాప్ పాలసీలు విదేశాల్లో అత్యవసర వైద్యానికి, ప్రయాణం మొదటి 60 రోజుల్లో, 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి. జీవితం మొత్తానికి 50,000 డాలర్లు హద్దు.

అమ్మగారి కోసం మీరు మళ్ళీ వెళ్ళాల్సి వస్తుంది కదా. ఈసారి టికెట్ కొనేటప్పుడే డాలస్‌లో మీ బదులు చూసే డాక్టరుని మాట్లాడుకోండి. రోజుకింత అని ఆయనకి మీరే ఇచ్చి, ఆయన చూసిన విజిట్లకి మీ పేరు మీద, బదులు డాక్టరు చూశారని చెప్పే క్యూ6 గుర్తుతో బిల్లు వేసుకోవచ్చు. వరసగా 60 రోజుల దాకా ఇది చెల్లుతుంది. మీ దగ్గర నర్స్ ప్రాక్టీషనర్ ఉంటే ఆమె చూసినవి ఆమె నంబరు మీదే వేయండి. డాక్టరు రేటులో 85 శాతమే వస్తుంది, అయినా అదే సరైన బిల్లు.

ఈ రోజే చేయాల్సింది ఒక్కటుంది. బిల్లింగ్ కంపెనీకి ఈమెయిల్ పెట్టి, ఆ ఐదు వారాల క్లెయిములు దేన్నీ తాకవద్దని, మొత్తం జాబితా పంపమని అడగండి. వాళ్ళు "వదిలేయండి" అన్న మెసేజీ ఉంటే చెరపకండి, దాన్నీ లాయరుకి చూపించండి.