చిరిగిన నల్ల షీటుతో ఫోన్ ఎందుకు కాలుతుంది?

ప్రశ్న: బ్యాటరీ మార్పించినప్పటి నుంచి ఫోన్ కెమెరా పక్కన ఒక్కచోటే కాలుతోంది. విప్పించి చూస్తే లోపలి నల్ల షీటు చిరిగింది, ముక్కల్ని డబుల్ టేపుతో అతికించారు. దానిమీద ఇంకో షీటు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సరిపోదు. పాతది మొత్తం తీసి, ఒకే ముక్క కొత్తది వేయించండి.

ఆ షీటు గ్రాఫైట్. తాండూరు బండ పొరలు పొరలుగా లేచినట్టే ఇందులోనూ కార్బన్ పొరలుంటాయి. ఒక పొరలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు, బంధం గట్టిది. పొరకూ పొరకూ మధ్య 0.335 నానోమీటర్లు, పట్టు వదులు. పెన్సిల్‌తో కాగితం మీద గీత పడేది ఈ వదులు వల్లే. వేడి గట్టి బంధాల వెంటే పోతుంది. మంచి షీటు పొర వెంబడి రాగి కంటే మూడు రెట్లకు పైగా వేడిని మోస్తుంది. అడ్డంగా మోసేది అందులో వందో వంతు చుట్టుపక్కలే. ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడిని ఫోనంతా పరచడమే దాని పని. చిరిగిన చోట ఆ దారి తెగిపోయింది.

టేపు సంగతి ఇంకా ముఖ్యం. 0.1 మిల్లీమీటరు మందం టేపులో ఒక చదరపు సెంటీమీటరు మేర 2 వాట్ల వేడి దాటాలంటే, అటూ ఇటూ సుమారు 10 డిగ్రీల తేడా రావాలి. గాలి బుడగ మిగిలితే అంతకంటే అధ్వానం. షీటు మీద షీటు వేసినా మధ్యలో జిగురు పొర అడ్డుపడుతుంది.

పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, పాత ఆకారానికే కత్తిరించి, ఒక కొస నుంచి వేలితో నొక్కుతూ అతికించాలి. మడత పడితే ఆ షీటు పక్కన పెట్టేయండి, మడతలో పొరలు పగులుతాయి. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కాబట్టి కత్తిరించిన అంచు బోర్డు మీది పాయింట్లకు తగలకుండా పైన ప్లాస్టిక్ పొర ఉండాలి. వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్‌ను మాత్రం కప్పొద్దు.

ప్రశ్న: ఇస్త్రీ పెట్టెలో అభ్రకం రేకు విరిగింది. అదీ పొరల పదార్థమే కదా, మిగిలిన గ్రాఫైట్ షీటు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: వద్దమ్మా, ప్రాణాపాయం. అభ్రకం పొరలూ గోటితో లేస్తాయి గానీ వాటిలో కరెంటు పారదు. కాయిల్‌లోని 230 వోల్టులు అడుగు పలకకు చేరకుండా ఆపేది ఆ రేకే. గ్రాఫైట్ పెడితే నేరుగా పలకకే ఎక్కుతుంది. అదే మందం అభ్రకం రేకు కొని, పగుళ్లు లేవని వెలుతురులో చూసి వేయించండి. బిగించాక ప్లగ్ ఊడదీసి, మల్టీమీటరును మెగాఓమ్ రేంజిలో పెట్టి, ఫేజ్ పిన్నుకూ పలకకూ మధ్య కొలవండి. అంకె ఏదైనా పలికితే ప్లగ్గు పెట్టకండి. మీటరును బీప్ రేంజికి మార్చి కొలిస్తే, ఎర్త్ పిన్నుకూ పలకకూ మధ్య మాత్రం బీప్ రావాలి.