సబ్జెక్టు కొత్తదైనా డిగ్రీ పేరు పాతదే ఉండనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీకాం ఫైనలియర్. ప్రాజెక్టు కోసం ముల్కనూరు మహిళా డెయిరీ ఊళ్లు తిరిగొచ్చినప్పటి నుంచి సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్‌లో (సమాజ సమస్యను తీర్చే సంస్థను వ్యాపారంలా నడపడం) ఎంఏ, పీహెచ్‌డీ చేసి అదే పాఠం చెప్తానంటోంది. నేను హైదరాబాద్‌లో ఎంబీఏ సీటుకు అడ్వాన్సు కట్టేశాను. ఏది మేలు?
– ఒక తండ్రి, హుజూరాబాద్

జవాబు: కట్టేశాక అడుగుతున్నారు. అమ్మాయికి చెప్పే కట్టారా? మీరు రాసినదాంట్లో ఆ మాట ఎక్కడా లేదు. ఆమె ప్రాజెక్టు రిపోర్టు చదివారా? చదవకపోతే ముందు ఆ పని చేయండి. ఇరవై ఏళ్ల పిల్ల ఏం చూసొచ్చిందో తెలుసుకోకుండా ఆమెకు దారి వేయడం తప్పు.

‘ఏది మేలు’ అంటున్నారు గానీ, మీ భయం వేరు. ఆ చదువు పేరు చెబితే బంధువులకు అర్థం కాదు, రేపు ఉద్యోగం ఏ పేరుతో వస్తుందో మీకూ తెలియదు. ఏటా ఇదే భయంతో ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. అందులో సగం నిజమే.

ఈ ఎంఏను ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) 2007లోనే మొదలుపెట్టింది. సొంతంగా ఒక సంస్థ పెట్టాలనుకునే పిల్లలకు మంచి చదువు. పాఠం చెప్పాలంటే మాత్రం చిక్కుంది. లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’లో ఈ పేరుతో సబ్జెక్టు లేదు. మేనేజ్‌మెంట్, కామర్స్, ఎకనామిక్స్, సోషల్ వర్క్ ఉన్నాయి. లెక్చరర్ పోస్టుకు ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఇలాంటి కొత్త పేరున్న పీజీతో ఇంటర్వ్యూకు వెళ్లింది. ఆమె సర్టిఫికెట్ బల్ల మీద ఒకరి చేతి నుంచి ఒకరికి తిరిగింది. ‘ఇది ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుందమ్మా?’ అన్నారు. మార్కులున్నా ఉద్యోగం రాలేదు.

అందుకే మీ అమ్మాయిని పీజీ ఎంకాంలోనో ఎంబీఏలోనో చేయనివ్వండి, పీహెచ్‌డీ అంశంగా ఆమె డెయిరీని తీసుకోనివ్వండి. ఈ సబ్జెక్టుకు పునాది వేసినవాళ్లూ వేరే చదువుల నుంచి వచ్చినవాళ్లే. పేదలకు చూపు తెప్పించడానికి 1976లో మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టిన వెంకటస్వామి రిటైరైన కంటి సర్జన్. బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో పేదలకు చిన్న అప్పులిచ్చిన మహమ్మద్ యూనస్ అప్పట్లో చిట్టగాంగ్‌లో ఎకనామిక్స్ ప్రొఫెసర్. అరవింద్ మీద 1993లో హార్వర్డ్ క్లాసుల్లో చర్చించే కేస్ స్టడీ రాసిన కస్తూరి రంగన్ మార్కెటింగ్ ప్రొఫెసర్.

నాకున్న అనుమానం కోర్సు మీద కంటే దాని చుట్టూ పెరిగిన మోజు మీదే ఎక్కువ. పిల్లలు ఊరి ముఖం చూడకుండానే స్లైడ్లు చేసి, ఐడియా పోటీల్లో కప్పులు తెచ్చుకుని, పేదరికానికి మందు కనిపెట్టామనుకుంటున్నారు. పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌ను కూడా ఒకప్పుడు ఇలాగే క్లాసుల్లో విజయగాథగా చెప్పారు. మన ఊళ్లలో ఆడవాళ్లు ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి, వారం వారం కిస్తీకి భయపడి, ప్రాణాలు తీసుకునేదాకా వెళ్లాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అప్పుల కంపెనీలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ గాథ చెప్పినవాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా కిస్తీ మీటింగ్‌లో కూర్చున్నారు? ఆ ప్రశ్న అడగని పరిశోధన నాకు వద్దు, మీ అమ్మాయికీ వద్దు.

ఆమె మొదలుపెట్టింది సరైన చోట. ముల్కనూరులో 1956 నుంచి సహకార గ్రామీణ బ్యాంకు ఉంది, 2002లో మహిళా డెయిరీ వచ్చింది. పొద్దున్నే పాల కేంద్రంలో ఒకామె పాలు పోసి, ‘ఫ్యాట్ ఎంతొచ్చింది?’ అని అడిగి, తగ్గితే గొణుక్కుంటుంది. బయటి వ్యాపారి లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తానన్నా రేపు మళ్లీ ఇక్కడికే వస్తుందా? వస్తే ఎందుకు? బోనస్ కోసమా, నమ్మకమా, పక్కింటామె డైరెక్టర్ కావడమా? మూడు నాలుగేళ్లు పీహెచ్‌డీ చేయడానికి సరిపోయే ప్రశ్న అది. మీ ఇంటి నుంచి గంట దూరంలోనే ఉంది.

పిల్ల పస్తులుంటుందని భయపడకండి. నెట్‌లో మంచి ర్యాంకుతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. సహకార సంఘాల మీదే పని చేయాలంటే గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా ఉంది, ఇప్పుడది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయం. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. మేనేజ్‌మెంట్‌లోనో కామర్స్‌లోనో నెట్ ఉంటే మామూలు కాలేజీ ఉద్యోగానికీ అర్హత ఉంటుంది.

అడ్వాన్సు సంగతి అమ్మాయిని అడగండి. ఎంబీఏకి ఒప్పుకుంటే ఆ సీటు ఉంచండి. ఎంకాం అంటే ఈ వారమే కాలేజీకి వెళ్లి డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.