అపర్ణ అంటే ‘ఆకులు లేనిది’ అనేనా?

పాపకు అపర్ణ అని పెట్టాలనుకుంటే, ‘ఆకులు లేనిదని అర్థం, మోడుబారినట్టు ఉంటుంది, వద్దు’ అని ఇంట్లో ఎవరో అన్నారని రాశారు. నలభై ఏళ్లుగా ఆ పేరుతోనే తిరుగుతున్నాను కాబట్టి చెబుతున్నా.

మాటను విడదీస్తే మీవాళ్లు అన్నది తప్పేం కాదు. పర్ణం అంటే ఆకు, ముందున్న ‘అ’ లేదని చెప్పడానికి. ఎనిమిదో తరగతిలో సమాసాల పాఠం అయిన రోజే మా బెంచీలో ఒకమ్మాయి ఇది కనిపెట్టి, ఏడాదంతా నన్ను ‘మోడు’ అని పిలిచింది. ఏడుస్తూ ఇంటికొస్తే తాతయ్య పడక్కుర్చీలోంచి లేవకుండానే ‘అపర్ణా పార్వతీ దుర్గా’ అంటూ అమరకోశంలో (పాత సంస్కృత నిఘంటువు) పార్వతి పేర్లు అందుకున్నారు. ‘ఆకులు లేకపోవడం కాదే పిచ్చిదానా, ఆకు కూడా ముట్టకపోవడం’ అన్నారు.

అసలు కథ అదే. శివుడి కోసం పార్వతి తపస్సు చేసింది. చెట్టు నుంచి తమంతట తాము రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ, ఆమె వాటినీ వదిలేసింది, అందుకే అపర్ణ అన్నారని కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో చెబుతాడు. హరివంశంలో ఇంకా బాగుంటుంది. అక్కడ హిమవంతుడి కూతుళ్లు ముగ్గురు: ఏకపర్ణ, ఏకపాటల, అపర్ణ. మొదటామె ఒక్క ఆకుతో, రెండో ఆమె పాటల అనే చెట్టు ఆకు ఒక్కదానితో సరిపెట్టుకుంటే మన అపర్ణ అదీ వద్దంది. తల్లి మేన బెంగపడి ‘ఉ, మా’, అంటే ‘వద్దమ్మా’ అని వారించడం వల్లే ఉమ అనే పేరు కూడా వచ్చిందంటారు. (పేరుకు తగ్గట్టు నేనూ ఒకసారి ఉపవాసం ఉండబోయాను. పదకొండింటికే తలనొప్పి.)

ఇంకో అర్థం కూడా ఉంది, మీవాళ్లకు ఇది చెప్పి చూడండి. లలితా సహస్రనామంలో ఈ పేరు వస్తుంది. దాని వ్యాఖ్యాత భాస్కరరాయలు అప, ఋణ అని విడదీసి ‘ఋణం లేనిది’ అని కూడా అర్థం చెప్పారు.

ఒక్క ఇబ్బంది మాత్రం ముందే చెబుతాను. అప్పే లేనిదని అర్థమున్న ఈ పేరును మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ ముద్దుగా కుదించి పిలిచేది ‘అప్పూ’ అనే.