అమ్మడికి, జావా మార్చబోయే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆఫీసులోని పాత బిల్లింగ్ ప్రాజెక్టును జావా (ప్రోగ్రామింగ్ భాష) 8వ వెర్షన్ నుండి 17కు మార్చే పని నీ ఒక్కదాని చేతిలో పెట్టారని నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పుడు నేను సీతమ్మధార రైతుబజారులో వంకాయలు ఏరుకుంటున్నాను. సంతోషంతో చేతిలోని సంచీ జారవిడిచాను గానీ, శుక్రవారం సాయంత్రమే సర్వర్‌లో పెట్టేస్తావని విన్నాక గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు ముగిస్తాను. టెర్మినల్‌లో కనబడే జావా, పాత్ అనే ఫోల్డర్ల జాబితాలో మొదట దొరికినది. కోడ్‌ను బిల్డ్ చేసే మేవెన్ వాడేది, జావా హోమ్ అనే సెట్టింగు చూపించినది. కోడ్ రాసుకునే ఇంటెల్లిజేకు దాని సొంత సెట్టింగు ఉంటుంది. ఈ మూడూ ఒకటేనని అనుకోకు, మేవెన్‌ను దాని వెర్షన్ అడిగితే తాను ఏ జావా మీద నడుస్తున్నదో కూడా చెబుతుంది. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ అని ఎర్రర్ వస్తే అందులోని సంఖ్యల నుండి 44 తీసివెయ్యి: 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. ఎర్రర్ కనబడగానే, మేవెన్ దించుకున్న లైబ్రరీలుండే లోకల్ రిపాజిటరీ అంతా చెరిపేసి మళ్లీ దించుకునే అలవాటు నీకు ఉందని నాకు తెలుసు. చెరిపినంత మాత్రాన ఆ సంఖ్య మారదమ్మా.

నిజానికి ఆ ఎర్రర్ అంటే నాకు భయం లేదు, అది ఉన్నమాట మొహం మీదే చెబుతుంది. ఏ ఎర్రరూ లేకుండా బిల్డ్ అయిపోయేదంటేనే నాకు భయం.

2019లో మేము పనిచేసిపెట్టే ఒక క్లయింటు సర్వర్‌లో జావా 8 ఉండేది, నా మెషీన్‌లో జేడీకే (జావా కోడ్‌ను కంపైల్ చేసే కిట్) 11 ఉండేది. మేవెన్ సెట్టింగులుండే పోమ్ ఫైలులో సోర్స్ 8, టార్గెట్ 8 (అంటే కోడ్ జావా 8ది, నడిచేదీ జావా 8 మీదే) అని రాశాను గనుక నా బాధ్యత తీరిందనుకున్నాను. బిల్డ్ చేసిన ప్రతిసారీ ‘బూట్‌స్ట్రాప్ క్లాస్ పాత్ నాట్ సెట్’ అని పసుపు రంగులో ఒక వార్నింగ్ వచ్చేది. వీధి చివర రోజూ మొరిగే కుక్కను పట్టించుకోనట్టే దానినీ పట్టించుకోలేదు. ఒక శుక్రవారం సాయంత్రం, బిల్డ్ అయి వచ్చిన జార్ ఫైలును సర్వర్‌లో పెట్టాము, సర్వీసు లేచింది, లాగిన్ పేజీ తెరుచుకుంది, నేను ఋషికొండ నుండి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. రాత్రి పదకొండున్నరకు, ఫైళ్లను వరుసగా చదివే బ్యాచ్ ప్రోగ్రామ్ మొదటి ఫైలును చదవబోగానే ‘నో సచ్ మెథడ్’ అని పడిపోయింది. లేదని అది చెబుతున్నది బైట్‌బఫర్ అనే జావా క్లాసులోని ఫ్లిప్! జావా 1.4 నుండి ఉన్న మెథడ్ లేకపోవడమేమిటని, సర్వర్ చూసే కుర్రవాడిని నిద్రలేపి అతనిచేత రెండుసార్లు జావాను తీయించి మళ్లీ వేయించాను. తప్పు నాదైతే, నిద్ర చెడింది అతనికి.

తెల్లవారుజామున కంపైల్ అయిన క్లాస్ ఫైలును, లోపల ఏముందో చూపించే జావాపీతో విప్పి చూస్తే గానీ సంగతి తెలియలేదు. జావా 8లో ఫ్లిప్ అనేది పై క్లాసైన బఫర్‌లో ఉండి బఫర్‌నే తిరిగి ఇస్తుంది. జావా 9 నుండి బైట్‌బఫర్ తన సొంత ఫ్లిప్‌ను పెట్టుకుని బైట్‌బఫర్‌ను తిరిగి ఇస్తుంది. క్లాస్ ఫైలులో మెథడ్ పేరుతో పాటు అది తిరిగి ఇచ్చే రకం కూడా నమోదవుతుంది గనుక, 11వ జేడీకే లైబ్రరీని చూసి కంపైల్ అయిన నా కోడ్ జావా 8లో లేని ఫ్లిప్‌ను వెతుక్కున్నది. టార్గెట్ 8 అని రాసినందువల్ల ఫైలు మీద 52 అన్న ముద్ర పడింది, సర్వర్ ఆ ముద్రను చూసి లోపలికి రానిచ్చింది, అంతే. నేను పట్టించుకోని వార్నింగ్ రోజూ చెబుతున్నది సరిగ్గా ఇదే. సోర్స్, టార్గెట్ తీసేసి, జావా 9తో వచ్చిన రిలీజ్ అనే ఆప్షన్‌కు 8 ఇస్తే కంపైలర్ జావా 8 లైబ్రరీనే చూస్తుంది. ఒక్క వరుస మార్పు. దానికోసం ఒక రాత్రంతా పోయింది.

కాబట్టి నీ మెషీన్‌లో జేడీకే 17 వేసుకున్నా, సర్వర్ మారేంతవరకు రిలీజ్ 8గానే ఉంచు. ఎక్స్‌ఎంఎల్ కోసం వాడే జాక్స్‌బీని జావా 11లోనే తీసేశారు గనుక దానిని విడిగా చేర్చుకో. పాత లైబ్రరీలు జావా లోపలి క్లాసులను తడుముతుంటే 17 ఒప్పుకోదు. యాడ్ ఓపెన్స్ అనే ఆప్షన్‌తో తలుపులు తెరిచిపెట్టే బదులు ఆ లైబ్రరీలనే కొత్తవి తెచ్చుకో.

ఇంకొకటి చెబితే నవ్వుతావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కొండ మీద మా ఆఫీసు అద్దాలు పగిలి, బిల్డ్ మెషీన్‌లోకి వాన నీళ్లు చేరాయి. కొత్త మెషీన్‌కు ఎవరో జావా 8 వేశారు, సర్వర్లలో ఉన్నది 7. పాత దానిలో ఏముండేదో ఎక్కడా రాసిలేదు, మాలో ఒక్కరికీ గుర్తూ లేదు. అప్పటి నుండి ఆకాశం మబ్బుపడితే నాకు ముందు గుర్తొచ్చేది వెర్షన్ సంఖ్యే. మేవెన్ ఎన్‌ఫోర్సర్ అనే ప్లగిన్‌లో ఏ జావా కావాలో రాసిపెట్టు, వేరేది కనబడితే బిల్డ్ అదే ఆగిపోతుంది.

శుక్రవారం మాత్రం వద్దు తల్లీ. మంగళవారం పొద్దున్న పెట్టి, నువ్వు కుర్చీలో ఉండగానే రాత్రి బ్యాచ్‌ను చేత్తో ఒకసారి నడిపించి చూడు, లాగిన్ పేజీని నమ్మకు. మధ్యాహ్నం గుత్తివంకాయ కూర క్యారియర్ నేనే తెస్తాను. బిల్డ్‌లో వచ్చిన వార్నింగులన్నీ ఒక్కటీ వదలకుండా కాగితం మీద రాసి ఉంచు, తింటూ ఇద్దరమూ చదువుదాము.

ఇట్లు,
నీ పెద్దమ్మ