సరుకు బండికి టర్బోనా, సూపర్‌ఛార్జరా?

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీస్సులు.

పరకాల నుంచి ఎనుమాముల మార్కెట్టుకు రోజూ మిర్చి బస్తాలు తోలే నీ పాత డీజిల్ పికప్‌కు టర్బోఛార్జర్ పెట్టించాలా, సూపర్‌ఛార్జర్ పెట్టించాలా అని అడిగావు. రోజూ బరువుతో తిరిగే డీజిల్ బండికి టర్బోయే తగినది. అయితే అది నీ ఇంజన్‌కు తగినదా అన్నది వేరే ప్రశ్న, దాన్నే ముందుగా తేల్చుకోవాలి.

రెండింటి పనీ సిలిండర్లలోకి గాలిని ఎక్కువగా నెట్టడమే. సూపర్‌ఛార్జర్ ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టుతో తిరుగుతుంది కాబట్టి, అది ఇచ్చే బలంలో కొంత ముందే ఇంజన్ దగ్గర తీసుకుంటుంది. టర్బో మాత్రం సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ వేడితో తిరుగుతుంది. డీజిల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతు ఆ దారినే పోతుంది. నెలకు వేల కిలోమీటర్లు తిరిగే బండికి ఈ తేడా డీజిల్ ఖర్చులో కనిపిస్తుంది. సూపర్‌ఛార్జర్ యాక్సిలరేటర్ తొక్కగానే బలమిస్తుందన్నది నిజమే, టర్బో అందుకోవడానికి కొంత సమయం పట్టడమూ నిజమే. కానీ చిన్న సైజు టర్బోను సరిగా ఎంచుకుంటే డీజిల్ ఇంజన్ మామూలుగా నడిచే వేగంలోనే అది అందుకుంటుంది. పైగా టర్బో విప్పి బాగుచేసేవారు లారీలు తిరిగే పెద్ద ఊళ్లలో దొరుకుతారు. డీజిల్ బండి సూపర్‌ఛార్జర్ మీద చేయి తిరిగినవారిని మన వైపు వెతుక్కోవాలి.

ఇక మన ఎండల సంగతి శ్రద్ధగా విను. 40 డిగ్రీల గాలిని అర బార్ (మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు సగం) అదనపు ఒత్తిడికి నొక్కితే, టర్బోలో గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ దాటేసరికి అది 90 డిగ్రీలు మించిపోతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి, ఒత్తిడి ఒకటిన్నర రెట్లయినా సిలిండర్‌కు చేరే గాలి సుమారు నాలుగో వంతు మాత్రమే పెరుగుతుంది. అందుకే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకుండా టర్బో పెడతానన్న మెకానిక్ మాట వినవద్దు. గాలి పెరిగినంత మాత్రాన డీజిల్ బండికి బలం రాదు, ఇంజన్‌కు డీజిల్ అందించే పంపులో డీజిల్ కూడా పెంచాలి. ఇంజన్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పొగ వేడి చూపే పైరోమీటర్ పెట్టించి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు టర్బోకు ముందు 700 డిగ్రీలు దాటకుండా పంపును సరిచేయించు.

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ ఇంజన్ ఆయిల్ పొర మీదే ఆధారపడి ఉంటుంది. ఆయిల్ మార్పు ఒక్కసారి వాయిదా వేసినా బేరింగులకు ముప్పే. ములుగు వైపు బరువుతో వెళ్లివచ్చాక వెంటనే ఆపేయకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి ఆపు. పత్తి సీజన్‌లో దూది పీచు ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది కనుక, ఆ నెలల్లో దాన్ని తరచుగా చూడాలి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి ఆంక్షలున్నాయి. బీమా క్లెయిముకూ ఇబ్బంది రావచ్చు. రవాణా శాఖ కార్యాలయంలో అడగకుండా పని మొదలుపెట్టవద్దు.

ఇవన్నీ లెక్కేస్తే, ఈ ఖర్చుతో పాత బండిని అమ్మి, కంపెనీలోనే టర్బో, ఇంటర్‌కూలర్ బిగించి వచ్చిన సెకండ్ హ్యాండ్ పికప్ కొనడమే మేలని నాకు తోస్తున్నది. ఆ బండి పిస్టన్లు, హెడ్ గాస్కెట్, కూలింగ్ ఆ ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని తయారైనవి. అయినా నీ బండి మీద మమకారం వదలలేకపోతే, నాలుగు సిలిండర్లు గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతున్నాయో చూపే కంప్రెషన్ పరీక్ష చేయించి, ఆ అంకెలు నాకు రాసి పంపు. వాటిలో ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే, టర్బో మాట పక్కన పెట్టి ముందు ఇంజన్ విప్పించాలి.