వార్తల లింకుకు వెల కట్టవచ్చా?

గూగుల్, ఫేస్‌బుక్ వంటి వేదికలు వార్తల లింకులు చూపినందుకు పత్రికలకు సొమ్ము చెల్లించాలా అన్నది ప్రశ్న. కందుకూరులో ఆరేళ్లు ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటరుగా, అంటే జీతం లేని స్థానిక విలేకరిగా పనిచేసి, ఆ తర్వాత మూడేళ్లు సొంతంగా చిన్న వార్తల సైటు నడిపిన అనుభవంతో చెబుతున్నాను: ఉత్త లింకుకు చెల్లించనక్కర లేదు.

ఒక ఏడాది పొగాకు వేలంలో నోబిడ్ అయిన, అంటే ఎవరూ పాట పాడక మిగిలిన బేళ్లు రోజురోజుకూ పెరుగుతుంటే, ఉదయం ఏడింటికే వేలం కేంద్రానికి వెళ్లి, వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి, బేళ్లను తిరిగి ఇంటికి చేర్చడానికి ట్రాక్టరు బాడుగ ఎవరు భరించాలని అడుగుతున్న రైతులతో మాట్లాడి కథనం రాశాను. దాని లింకును ఎవరో రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రోజుకు రెండు మూడు వందల మంది చూసే నా సైటుకు ఆ సాయంత్రానికి నాలుగు వేల మంది వచ్చారు. ఆ లింకు పెట్టినాయన నాకు బాకీ పడ్డాడని ఏ ముఖంతో అనగలను? నేనే ఆయనకు టీ ఇప్పించాలి. మర్నాడు మాత్రం మరో సైటు నా కథనాన్ని, నేను తప్పుగా టైపు చేసిన ఊరి పేరుతో సహా, తన పేరున పెట్టుకుంది. వెతికితే అదే పైన కనిపించింది. కడుపు మండింది అప్పుడే. ఇంతకూ నాలుగు వేల మంది చదివిన ఆ రోజున ప్రకటనల మీద నాకు ముట్టింది నూట ముప్పై రూపాయలు. ప్రకటనకర్త ఎంత ఇచ్చాడో, మధ్యలో ఎంత ఆగిపోయిందో నాకు తెలిసే దారి లేదు.

లింకుకు పన్ను వంటిది వేస్తే ఏమవుతుందో ఇతర దేశాల్లో చూశాం. స్పెయిన్ 2014లో రుసుము తప్పనిసరి చేస్తే గూగుల్ న్యూస్ అక్కడ మూతపడి, 2022లో గానీ తిరిగి రాలేదు. కెనడా 2023లో చట్టం చేస్తే గూగుల్ ఏడాదికి పది కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకున్నది గానీ, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆ ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలనే తీసేసింది. అడవుల కార్చిచ్చుకు ఊళ్లు ఖాళీ చేస్తున్న రోజుల్లో కూడా అక్కడివారు వాటిలో ఒక వార్తను పంచుకోలేకపోయారు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి మా తీరంలో అలా జరిగితే ఏమిటన్నది ఊహించుకోండి. యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఆదేశంలో లింకులనూ, అతి చిన్న ఉటంకింపులనూ మినహాయించి, అంతకు మించిన వాడకానికే పత్రికలకు హక్కు ఇచ్చింది. ఆ గీత నాకు సబబుగా తోస్తుంది. లింకు నొక్కే పని లేకుండా, వార్త సారాంశాన్ని కృత్రిమ మేధ ముందే వండి వడ్డిస్తున్న ఈ రోజుల్లో ఆ గీత ఇంకా అవసరం.

మన దేశంలో డిజిటల్ పత్రికల సంఘం ఫిర్యాదుపై, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. అందులో ప్రకటనల ఆదాయం లెక్కలు తెలియడం లేదన్న ఆరోపణ ఉంది. నా నూట ముప్పై రూపాయల గొడవా అదే కాబట్టి అసలు పేచీ అక్కడే ఉన్నదని నమ్ముతాను.

రేపు పత్రికలకు ఎంత సొమ్ము వచ్చినా, అందులో విలేకరి వాటా ఎంతో చట్టంలోనే రాయాలి. లైన్ అకౌంటు కింద అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి నాకు ఇచ్చినది బండి పెట్రోలుకు చాలేది కాదు. పైగా సంక్రాంతికీ, ఆగస్టు 15కూ పత్రికకు ప్రకటనలు సేకరించే టార్గెట్ నా మీదే ఉండేది.