నాగావళిలో చక్రం దించే ముందు

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఆనకట్ట లేకుండా, పారే ఏట్లోనే టర్బైను దించి కరెంటు తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దున్న వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఇరిగేషన్ ఆఫీసుకి ముందే వెళ్ళి పర్మిషన్ సంగతి అడుగు. వైర్లు, ఫ్యూజులు నాకంటే నీకే బాగా తెలుసు.

నీటి వేగం మాత్రం నేను చెప్పినట్టు కొలువు. ఒడ్డున పది మీటర్ల ఎడంగా రెండు కర్రలు పాతి, కొబ్బరికాయ వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడు. పైన నీరు లోపలి నీటికంటే జోరుగా పారుతుంది, నూటికి పదిహేను తగ్గించుకో. భాద్రపదంలో కొలిచి మురిసిపోకు. రథసప్తమికి అరసవల్లి వస్తావు కదా, అప్పుడు కొలువు. వైశాఖంలో మళ్ళీ కొలువు. వేగం సగానికి పడితే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతే మిగులుతుంది. సెకనుకి మీటరు చొప్పున పారే నీటిలో, చక్రం ఎదురొడ్డే ప్రతి చదరపు మీటరుకి 500 వాట్ల బలం ఉంటుంది. అందులో 59 శాతానికి మించి ఎవరూ తీయలేరు. మన చేతికి ఆ 500లో మూడో వంతు దక్కితే చాలు, రెండు ఫ్యాన్లు తిరుగుతాయి. అదే నీటి వేగం సెకనుకి అర మీటరుకి తగ్గిందా, రెండు ఎల్‌ఈడీ బల్బులు. అందుకే ఏటికంటే పంట కాలవ నయమేమో చూడు. నీళ్ళు వదిలినన్నాళ్ళూ ఇంచుమించు ఒకే తీరుగా పారుతుంది. కట్టేస్తే ఏమీ రాదనుకో.

మీ నాన్న కుడిచేతి రెండు వేళ్ళు వంగవు కదా. నూర్పు మిషన్లో పడ్డాయని నీకు చెప్పారు. కాదురా.

నాకప్పుడు పాతికేళ్ళు. నాలుగు డ్రమ్ముల మీద తెడ్ల చక్రం బిగించి, పాత లారీ డైనమో కట్టి నాగావళిలో దించాను. బల్బు వెలిగింది. ఊరంతా చూడ్డానికి వచ్చారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఆ మొత్తాన్నీ ఒడ్డున తాటిచెట్టుకి ఒకే ఒక్క తాడుతో కట్టాను. రెండో తాడు ఎందుకు, దండగ అనుకున్నాను.

నాలుగో రాత్రి మా ఊళ్ళో చినుకు లేదు, ఆకాశం నిండా చుక్కలే. కానీ ఈ ఏరు పుట్టింది ఒడిశాలో, కలహండి కొండల్లో. రాయగడ వైపు కురిసిన వాన మా రేవుకి రావడానికి మమ్మల్ని అడగాలా? ఏటి హోరు విని టార్చిలైటు పట్టుకుని పరిగెత్తాను. ఒక మాను కొట్టుకొచ్చి తెడ్లలో ఇరుక్కుంది. తీద్దామని మొల లోతు నీళ్ళలో దిగాను. తాడు కాలికి చుట్టుకుంది. మీ నాన్న ఎప్పుడొచ్చాడో తెలీదు, కత్తితో తాడు కోస్తున్నాడు. డ్రమ్ముకీ తాడుకీ మధ్య వాడి చెయ్యి నలిగింది. నేను బతికాను, చక్రం బంగాళాఖాతంలో కలిసింది. పొద్దున్నే అందరికీ నూర్పు మిషనని చెప్పింది వాడే. నన్ను మా నాన్న చంపేస్తాడని.

కాబట్టి వెధవా, రెండు తాళ్ళు వెయ్యి. ఒకటి తెగితే రెండోది దాన్ని ఒడ్డుకి ఈడ్చేలా ఉండాలి. ఎదురుగా ఏటవాలు జాలీ పెట్టు, లేకపోతే గుర్రపుడెక్క, పాలిథిన్ సంచులు తెడ్లకి చుట్టుకుంటాయి. ఒడ్డున నిలబడే విప్పగలిగే ముడి వెయ్యి. వరదొస్తే విప్పేసి ఇంటికి రా. మిషను పోతే నా పెన్షన్ ఉంది, ఇంకోటి చేసుకుందాం. రాత్రిపూట ఏట్లో దిగావని తెలిస్తే ఈ వయసులోనూ చెంప పగలగొడతాను.

వేళ్ళ సంగతి మీ నాన్నని అడగకు. ఇన్నాళ్ళూ దాచినవాడు, నేను చెప్పానంటే బాధపడతాడు.

వేగం కొలిచే రోజు నన్ను కూడా తీసుకెళ్ళు. నీళ్ళలోకి రాను, మోకాళ్ళు సహకరించవు. ఒడ్డున కూర్చుని సెకన్లు లెక్కపెడతాను.

మీ పెదనాన్న